పక్క వరస

"మీరు వరసలో నిలబడక్కర్లేదు సార్, నేరుగా లోపలికి వెళ్లొచ్చు" అని గేటు దగ్గరి పోలీసు దారి ఇచ్చాడు గానీ కళ్లజోడు ఒప్పుకోలేదు. కళ్లజోడంటే అతని ప్రచారం చూసుకోమని పార్టీ వాళ్లు పంపిన మనిషి. జోడు కళ్లకి కాకుండా ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది కాబట్టి ఆ పేరు. "నలుగురి మధ్యా నిలబడితేనే అన్నా జనం మనిషిలా కనపడతావు, కాసేపు ఓపిక పట్టు" అని చెవిలో చెప్పి, ఫొటోల వాళ్లని ఎక్కడ నిలబెట్టాలో చూడటానికి గేటు బయటికి పోయాడు. అలా అతను తన ఓటు తనకే వేసుకోవడానికి మగవాళ్ల వరసలో చివర నిలబడ్డాడు. ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి నవ్వారు. అతనూ నవ్వాడు. వారాల తరబడి వీధి వీధికీ నవ్వీ నవ్వీ ఇప్పుడు నవ్వు దానంతట అదే వచ్చి ముఖం మీద కూర్చుంటోంది, లేవమన్నా లేవడం లేదు. గొంతు మాత్రం చివరి సభతో పూర్తిగా పోయింది. పొద్దున అద్దం ముందు నిలబడి ఏదో అనబోతే గాలి తప్ప మాట రాలేదు. ఒక రకంగా మంచిదే అనుకున్నాడు. ఈ గొంతు ఇంకా ముందే పోయి ఉంటే ఎంత బాగుండేది, ఆ మార్కెట్టు సభ రోజున పోయి ఉంటే, ఆ కుర్చీలు ఖాళీ అవుతున్న సాయంత్రం... వద్దు, అది వద్దు ఇప్పుడు. గోడ చూడు, గోడ మీద బొమ్మలు చూడు.

బడి అది, చిన్నపిల్లల బడి. చేతులు కడుక్కునే కుళాయిలు మోకాలెత్తున ఉన్నాయి, చెప్పులు పెట్టుకునే అరలు బొమ్మరిళ్లలా ఉన్నాయి, గోడ పొడుగునా రంగు పెన్సిళ్లతో గీసిన బొమ్మలు. ఒక్కొక్క బొమ్మ కింద గుండ్రటి అక్షరాలతో పేరు రాసి ఉంది. ఏనుగు. వాన. మా నాన్న బండి. ఆ అక్షరాలు ఎవరివో అతనికి చెప్పక్కర్లేదు. మామయ్య కూతురి రాత అది, తన మరదలిది. చిన్నప్పుడు అతని హోంవర్కు సగం ఆ గుండ్రటి చేతిరాతలోనే ఉండేది, మాస్టారు పోల్చుకుని చెవి మెలిపెడితే ఇంటికొచ్చి ఆమె మీద అరిచేవాడు, నాలాగా కోలగా రాయడం చేత కాదా నీకు అని. ఆమె పాఠం చెప్పే బడి ఇదే. తన ఓటూ ఇక్కడే అని జాబితా చూసినప్పుడే గుండె జారింది. కానీ ఆమె రాదులే అనుకున్నాడు. ఆమె గదిలోంచే బయటికి రావడం లేదన్నారు కదా. ఎన్నికలయ్యేదాకా ఇంటి దగ్గరే ఉండమని బడి పెద్దావిడ మర్యాదగానే చెప్పిందట. పిల్లల తల్లిదండ్రులు వరసగా వచ్చి అడుగుతున్నారట, ఆమె దగ్గర మా పిల్లల్ని ఎలా వదలమంటారు అని. ఏనుగు బొమ్మకి ఎవరో ఆరు కాళ్లు గీశారు. ఆమె దాన్ని దిద్దలేదు, కింద ఏనుగు అని మాత్రం రాసింది.

వరస కదిలింది. చొక్కా కాలరు మెడకి ఒరుసుకుంటోంది. సొంత ప్లాంటులో ఉతికిందే, గంజి ఎక్కువైంది. ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ల తువ్వాళ్లూ మూటలుగా వచ్చి, మరిగే నీళ్లలో తిరిగి, ఆవిరి రోలర్ల మధ్య నుంచి అట్టల్లా చదునుగా బయటికొచ్చే లాండ్రీ ప్లాంటు అతనిది. కరపత్రాల్లో దాని ఫొటో వేశారు, కింద 'కష్టాన్ని నమ్ముకున్న యువ పారిశ్రామికవేత్త' అని. ఆ మాట మొదటిసారి విన్న రోజు స్నానాల గదిలో తలుపేసుకుని తనకి తానే రెండుసార్లు చెప్పుకున్నాడు, నోరు తిరగలేదు, మూడోసారికి తిరిగింది. కష్టం నిజమే. కానీ మొట్టమొదటి మిషను ఎక్కడిదని కరపత్రంలో లేదు. నాన్న పోయాక అమ్మనీ అతన్నీ మామయ్యే తన ఇంటికి తెచ్చుకుని వెనక గది ఇచ్చాడు. అమ్మ ఆ గదిలో వీధి వాళ్ల బట్టలు ఇస్త్రీ చేసేది. మూతపడిన హోటలు నుంచి పాత వాషింగు మిషను ఒకటి మామయ్యే మాట్లాడి సంపాదించాడు. సంపాదించి, బండి వాడు రాకపోతే చొక్కా చేతులు పైకి మడిచి తనే తోసుకొచ్చాడు. అప్పటికే నలుగురికీ తెలిసిన నాయకుడు, వీధిలో అందరూ చూస్తుంటే చెమటలు కక్కుతూ. దాని మూత సరిగ్గా పడేది కాదు, తిరుగుతున్నంతసేపూ పైన ఎవరో ఒకరు కూర్చోవాలి. మరదలు కూర్చునేది. కూర్చుని పుస్తకం పైకి చదివేది, మిషను ఊపుకి అక్షరాలన్నీ వణికి, రాజు గారు గ-గ-గద్దె మీద అని చదువుతుంటే అమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేది. మామయ్య గుమ్మంలో నిలబడి, "ఒరేయ్, ఇది నీ ఫ్యాక్టరీ, ఇదేమో నీ ఫ్యాక్టరీ మూత" అనేవాడు.

అమ్మ ఈ మధ్య నవ్వడం లేదు, మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, బట్టలు తీసి పెడుతుంది, అతను గదిలోకి వస్తే ఆమె గదిలోంచి వెళుతుంది. ఇవాళ తను లేచేసరికే ఇంట్లో లేదు. గ్లాసు కడిగి బోర్లించి ఉంది. పొద్దున్నే ఓటు వేయడానికి వెళ్లిందేమోలే అనుకున్నాడు. ఎవరికి వేస్తుందో అడిగే ముఖం తనకి లేదు. ఒక వైపు కొడుకు, ఒక వైపు తమ్ముడు. మామయ్య మీద పోటీ చేస్తున్నానని చెప్పిన రోజున ఆవిడ ఒక్కటే అడిగింది. "వాడి మీద నీకేం కోపంరా?" కోపం లేదమ్మా, ఇది రాజకీయం అన్నాడు. అబద్ధం. కోపం ఉంది. కొత్త ప్లాంటు తెరిచిన రోజు మామయ్య ఆలస్యంగా వచ్చి, అందరూ ఎండలో నిలబడి ఉంటే రిబ్బను కత్తిరించి, మైకు పుచ్చుకుని, "వీడు నేను చెక్కిన బొమ్మ" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అతనూ కొట్టాడు. రాత్రింబవళ్లు ఆవిరిలో ఉడికి, చేతులు బొబ్బలెక్కి, పనివాళ్లతో పాటు నేల మీద పడుకుని నిలబెట్టుకున్నది ఆ ఒక్క మాటతో ఆయన జేబులోకి పోయినట్టయింది. అబద్ధమైతే బాధ లేకపోయేది. అందులో సగం నిజం. ఆ సగమే గుచ్చుకుంది. అవతలి పార్టీ వాళ్లు ఆ వాసన పట్టుకునే వచ్చారు. నీకేం తక్కువ, ఇంకా ఎన్నాళ్లు ఆయన చాటున అన్నారు. ఇంతే. ఇంత చిన్న దానికి.

"సార్, మీ అమ్మగారు" అన్నాడు వెనకాయన. వెనకాయన అంటే ఎవరో బట్టతల పెద్దమనిషి, వచ్చినప్పటి నుంచీ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు, రోడ్ల గురించి, కుళాయి నీళ్ల గురించి, తన అల్లుడి ఉద్యోగం గురించి. అతను గేటు వైపు చూశాడు. అమ్మే. అమ్మ చేయి పట్టుకుని ఆమె. మరదలు.

పొద్దున్నే అమ్మ వెళ్లింది తమ్ముడింటికన్నమాట. ఆ గది తలుపు ఎలా తీయించిందో, ఏమని చెప్పిందో. ఇద్దరూ నడిచి వస్తుంటే గేటు దగ్గరి జనం మాటలు ఆపారు, ఆపి మళ్లీ మొదలుపెట్టారు, కానీ గొంతు తగ్గించి. ఆమె లేత నీలం రంగు బట్టలు కట్టుకుంది, జుట్టు బిగించి దువ్వుకుంది, ఎవరో వేలెత్తి చూపుతారని ముందే తెలిసిన మనిషి ఎక్కడా వంక పెట్టనివ్వకుండా తయారైనట్టుంది. ఆడవాళ్ల వరసలో చివర నిలబడ్డారు ఇద్దరూ. రెండు వరసల మధ్యా చేయి చాస్తే అందేంత దూరం. ఆ వరస తొందరగా కదులుతోంది. ఇంకాసేపట్లో ఆమె తన పక్కకి వస్తుంది. వెళ్లిపోవచ్చు. కడుపులో నొప్పని చెప్పి, ఫోను వచ్చిందని చెప్పి. ఓటు వేయకుండా వరసలోంచి పారిపోయిన అభ్యర్థి. కళ్లజోడు గేటు బయట నుంచి బొటనవేలు ఎత్తి చూపిస్తున్నాడు, వాడికి ఇదంతా మహా బాగుంది. ముందున్నవాడి చొక్కా మీద కుట్టు చూస్తూ నిలబడ్డాడు. ఒక కుట్టు ఊడింది, దాని పక్క కుట్టు ఊడటానికి సిద్ధంగా ఉంది.

ఆమెకి ఒంట్లో బాగోలేనిది మామయ్య మొదటిసారి పోటీ చేసిన ఏడాది. నిద్ర పట్టేది కాదట, గోడలతో మాట్లాడేదట, ఒకరోజు వంటింట్లో నీళ్లన్నీ పారబోసి వాటి మధ్య కూర్చుందట. ఇవన్నీ తర్వాత ఆమె చెబితే తెలిసినవే. అప్పుడు మాత్రం అందరికీ చెప్పినట్టే అతనికీ చెప్పారు, పై చదువులకి వేరే ఊరు వెళ్లిందని. అమ్మకీ అదే చెప్పారు. కొత్తగా దొరికిన మానసిక ఆసుపత్రి బట్టల పని అది, మూటలు తీసుకురావడానికి ఆ రోజు తనే వ్యాను తోలుకుని వెళ్లాడు. ఆసుపత్రి వెనక వసారాలో ఆమె ఎండకి కూర్చుని ఉంది, తన ప్లాంటులో ఉతికిన గౌను వేసుకుని. ముందు గౌను మీద తమ లాండ్రీ గుర్తు కనబడింది, ఆ తర్వాత ముఖం. ఆమే అంది, "ఈ బట్టలు ఉతికేది నువ్వా బావా? కాస్త ఆ మందు వాసన తగ్గించు, తల పగిలిపోతోంది." ఇద్దరూ నవ్వారు, నవ్వుతూనే ఆమె ఏడ్చింది. ఎవరికీ చెప్పకు అంది. అమ్మక్కూడా. నాన్నకి నువ్వు చూశావని కూడా తెలియనివ్వకు, సిగ్గుతో చచ్చిపోతాడు అంది. ఆ తర్వాత ఆ ఆసుపత్రికి వ్యాను ఇంకెవరికీ ఇవ్వలేదు, వారం వారం తనే వెళ్లాడు, నారింజలు పట్టుకుని. మూటల మీద కూర్చుని ఒలుచుకుని తినేవాళ్లు. ఆమెకి నయమైంది, ఇంటికొచ్చింది, ఈ బడిలో చేరింది, పిల్లలు కాళ్లకి చుట్టుకుంటారని చెప్పేది. ఇన్నేళ్లలో ఆ సంగతి అతను ఎవరి దగ్గరా ఎత్తలేదు. తన బతుకులో తను చేసిన ఒక్క మంచి పని ఏదైనా ఉందంటే నోరు మూసుకుని ఉండటమే అనుకునేవాడు అప్పుడప్పుడు, కాస్త గర్వంగానే.

ఇక ఆ సాయంత్రం రాకుండా ఎలా ఆపడం. మార్కెట్టు సభ. ప్రచారం సగానికొచ్చింది, ఓడిపోతున్నాడని అందరికీ తెలుస్తోంది. ముందు వరసల్లో జనం ఆవులిస్తున్నారు, వెనక కుర్చీలు పేర్చేస్తున్న చప్పుడు మైకులో కూడా వినిపిస్తోంది. రాసిచ్చిన ఉపన్యాసం అయిపోయింది. దిగిపోవాలి. దిగిపోతే ఓడిపోయినట్టే. అప్పుడు నోట్లోంచి వచ్చేసింది. "సొంత కూతుర్ని పిచ్చాసుపత్రిలో పెట్టి, పై చదువులకి పంపానని మీ అందరికీ అబద్ధం చెప్పిన మనిషి, రేపు మీకు నిజం చెబుతాడా?" పేరుస్తున్న కుర్చీ ఎవరి చేతిలోనో అలాగే ఆగిపోయింది. ఆపైన చప్పట్లు, ఈలలు. జనం తన మాట వినడం అదే మొదటిసారి. నోరు జారిందనుకోవచ్చు. అనుకున్నాడు కూడా, ఆ రాత్రి. కానీ మర్నాడు పేట సభలో మళ్లీ అన్నాడు. ఈసారి నోరు జారలేదు. 'పెట్టి' అన్న తర్వాత కాస్త ఆగాడు. ఆగితే బాగుంటుందని ముందే అనుకుని వెళ్లి, అక్కడ ఆగాడు. బాగా వచ్చింది. కళ్లజోడు వేదిక దిగగానే కావలించుకుని, "అన్నా, ఇదెక్కడ దాచావు ఇన్నాళ్లూ?" అన్నాడు. ఆ వారమంతా చెప్పాడు.

మామయ్య బదులు చెప్పలేదు. ఒక్కరోజు సభలు మానుకుని, మర్నాటి నుంచి మళ్లీ తిరిగాడు, అతని పేరు మాత్రం ఎత్తలేదు. అమ్మకి ఫోను చేసి, "వాడికెవరు చెప్పారక్కా?" అని అడిగాడట. నాకే తెలియదు కదరా అందట అమ్మ. మామయ్య అత్తయ్యని అనుమానించాడు, అత్తయ్య నర్సుని అనుమానించింది. "నీకెవరు చెప్పార్రా?" అని అమ్మ అతని కళ్లలోకి చూసి అడిగింది. అందరికీ తెలిసిందేనమ్మా అన్నాడు. ఎవరు చెప్పారో తెలిసింది లోకంలో ఇద్దరికే. రెండో మనిషి ఇప్పుడు పక్క వరసలో తన భుజానికి సమంగా వచ్చి నిలబడింది.

సబ్బు వాసన. జుట్టుకి రాసుకున్న నూనె వాసన. అతను తల తిప్పలేదు. ఆమె కూడా. ఇద్దరూ ఎదుటి గోడ మీది బొమ్మలే చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి. తప్పయిందని అనాలి. పోయిన గొంతుతో తప్పయిందని ఎలా అంటారు, ఈ వెనకాయన వింటుంటే, ఆ ముందున్నవాడు చెవులు రిక్కించి ఉంటే, గేటు బయట కెమెరాలు ఉంటే. నిజంగా బాధతో అన్నా అది ప్రచారంలాగే ఉంటుంది. ఇన్నాళ్ల మాటలతో తన నోరు అంతలా పాడైపోయింది, ఇందులోంచి వచ్చిన ఏ మాటా ఇక మాటలా ఉండదు. అయినా నాలుక కదిలించాడు. గాలే వచ్చింది. ఆడవాళ్ల వరస కదిలింది. అమ్మ వెళుతూ అతని వైపు చూసింది, కోపంగా చూసినా బాగుండేది, ముక్కూముఖం తెలియని వాళ్లని చూసినట్టు చూసింది. వాళ్లిద్దరూ గదిలోకి వెళ్లారు. పోనీ, ఓడిపోతాను. ఆ ఆలోచన ఒక్కటే కాస్త చల్లగా తగిలింది. ఓడిపోతే మామయ్య ఆ కుర్చీలోనే ఉంటాడు, తను ముఖం దాచుకుని ప్లాంటుకి వెళ్లి ఆవిరిలో నిలబడతాడు, శిక్ష పడ్డట్టు ఉంటుంది, శిక్ష పడితే ఎప్పటికైనా పూర్తవుతుంది. ఓడిపోవాలి. దేవుడా, ఓడించు. వారాలుగా గెలిపించమని అడిగిన నోటితోనే అడిగాడు.

గదిలోంచి బయటికి వచ్చే దారి మగవాళ్ల వరస పక్క నుంచే. ముందు అమ్మ వచ్చింది, ఆగకుండా వెళ్లి గేటు దగ్గర నిలబడింది. ఆమె వచ్చి అతని ముందు ఆగింది. వసారా అంతా చెవులైనట్టుంది.

"నీకే వేశాను బావా" అంది.

అతనికి అర్థం కాలేదు. చూశాడు. ఆమె కళ్ల కింద నల్లగా ఉంది. క్షమించిన ముఖం కాదది. విసిగిపోయిన ముఖం.

"నన్ను దాచింది ఎలక్షన్లే, బయట పడేసింది ఎలక్షన్లే. మా నాన్నకి ఇంక ఇది చాలు. ఆయన ఇంటికి రావాలి. కూతురు పక్కన కూర్చుని అన్నం తినాలి, ఎవరేమనుకుంటారో అని భయం లేకుండా." పిల్లలకి పాఠం చెప్పే గొంతు అది. "నువ్వు గెలువు. నువ్వుండు అందులో." గొంతు తగ్గించి అంది, "నువ్వు తెచ్చిన నారింజల సంగతి ఇప్పటికీ నేను ఎవరికీ చెప్పలేదు." వెళ్లిపోయింది. అమ్మ చేయి చాచింది, ఆమె పట్టుకుంది.

తర్వాత అతన్ని ఎవరో లోపలికి పిలిచారు. ఎవరో పేరు చదివారు, ఎవరో కాగితం ఇచ్చారు. అట్టతో కట్టిన మూలలో దారానికి వేలాడే రబ్బరు ముద్ర. కాగితం మీద మామయ్య పేరు, కింద తన పేరు. మామయ్య పేరు పక్కన గుర్తు పెడితే ఆమె అడిగినది కాదన్నట్టు. తన పేరు పక్కన పెడితే... ఓడిపోవడం కూడా ఆమె తీసేసుకుంది. దాక్కోవడానికి అదొక్కటే మిగిలి ఉండేది. గెలిస్తే రోజూ ఆ కుర్చీలో, రోజూ ఆ మాటతో. ముద్ర మీద సిరా ఆరిపోయి ఉంది. గట్టిగా నొక్కితే గాని పడదు. "సార్, అయిందా?" అన్నారు బయట నుంచి. పుట్టి బుద్ధెరిగాక ఆమె తనని అడిగినవి రెండే. మొదటిది నిలబెట్టుకోలేదు. కాగితం చిరుగుతుందేమోనన్నంత గట్టిగా తన పేరు పక్కన గుర్తు పెట్టి, మడిచి, పెట్టెలో వేశాడు. లోపల పడిన చప్పుడు కూడా కాలేదు.

బయట కళ్లజోడు ఎదురొచ్చాడు, వసారాలోకి రాకూడదని పోలీసు అంటున్నా వినకుండా. "అన్నా, ఏమంది ఆవిడ? నీతో మాట్లాడిన ఫొటో పడింది, బ్రహ్మాండంగా వచ్చింది. తిట్టిందా? మంచిగానే ఉందే ముఖం. ఏమంది చెప్పన్నా, ఓట్లు అయ్యేలోపు..." అతను తల అడ్డంగా ఊపాడు. ఏమీ అనలేదని. ఇంకోసారి ఊపాడు. ఏమీ అనలేదు. ఇది ఒక్కటైనా తన దగ్గర ఉండిపోతే, ఈ ఒక్క మాటైనా ఎవరి నోటా పడకుండా చచ్చేదాకా మోసుకు తిరగగలిగితే... అప్పుడు గుర్తొచ్చాడు వెనకాయన. వరసలో తన వెనకే కదా. అంతా విన్నాడు కదా.

ఆయన అప్పుడే ఓటు వేసి గదిలోంచి వస్తున్నాడు. వస్తూనే వసారాలో ఉన్న ఇద్దరు ముగ్గురిని చూసి ముఖం వెలిగిపోయింది, చెప్పడానికి ఏదో ఉన్న మనిషి ముఖం, చేయి అప్పుడే గాల్లోకి లేచింది. అతను పరిగెత్తినంత పని చేశాడు. ఆ లేచిన చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. వద్దండి, చెప్పకండి, మీకు పుణ్యముంటుంది, ఆ పిల్లని వదిలేయండి. ఒక్క ముక్క కూడా గొంతు దాటలేదు. పెదాలు కదిలాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆయన చేతిని ఊపుతూ ఉండిపోయాడు, కళ్లజోడు వెనక నుంచి ఫొటోల వాళ్లని కేక వేస్తున్నాడు, వరస మొత్తం ఇటే తిరిగింది. పెద్దమనిషి కరిగిపోయాడు. రెండో చేయి తెచ్చి అతని చేతుల మీద వేసి, అందరికీ వినపడేలా అన్నాడు:

"అయ్యో, ఇంత బెంగెందుకు సార్? నేనూ మీకే వేశాను, ఆ అమ్మాయి లాగే."